నాలుగో గది తాళ్ల వ్యాపారి

నాలుగో గదిలో దిగిన పెద్దమనిషి తాళ్ల వ్యాపారినని చెప్పుకున్నాడు. లాడ్జిలో గదులు ఊడ్చే వదిన ఆ మాట నమ్మలేదు. తనతోపాటే అక్కడ పనిచేసే ఆడబిడ్డ వదినా, వదినా అని పిలవగా పిలవగా ఆమె లాడ్జంతటికీ వదిన అయిపోయింది. వ్యాపారి వెంట వచ్చినవాడు ఆయనకు అన్నయ్యట. ఆ అన్నయ్య మోకాళ్ల మీద కూర్చుని తమ్ముడికి చెప్పులు తొడగడం ఆమె కళ్లారా చూసింది. తమ్ముడుగారు తడి తువ్వాలును నిలబడ్డచోటే వదిలేస్తాడు. నమిలిన పండు పిప్పిని దుప్పటి మీదే ఉమ్ముతాడు. ఛీ! ఆ దుప్పటి ఉతికిన రోజు ఆమెకు అన్నం సయించలేదు.

మూడోనాడు తమ్ముడి ఉంగరం పోయిందని అన్నయ్య గోల పెట్టాడు. పొద్దున ఆ గది ఊడ్చింది ఆడబిడ్డ. మేనేజరు ఆ పిల్ల సంచీని నడి హాల్లో బోర్లించాడు.

"సాయంత్రంలోగా ఉంగరం తేకపోతే పోలీసులకు అప్పజెప్తా."

పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. వ్యాపారి జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

మధ్యాహ్నం నాలుగో గది వాష్‌బేసిన్‌లో నీళ్లు పోకపోతే వదిన కింద గొట్టం విప్పింది. బకెట్లోకి జుట్టూ, కఫమూ, కుళ్లిన పిప్పీ జారాయి. వాటి మధ్య ఉంగరం. దాని మీద, నాణేల మీదుండే రాజముద్ర.

"అది నా కళ్లముందే జారింది," అన్నాడు వెనక నుంచి వ్యాపారి. "తీయిస్తే ముద్ర చూసి గుర్తుపట్టేస్తారు. ప్రజల కష్టాలు తెలుసుకుందామని మేమిలా బయల్దేరాం. ఎవరికీ చెప్పకు."

"మా ఆడబిడ్డ ఏడుపు తమకి వినపడలేదా?"

"వినపడింది. రాసుకున్నాం కూడా." ఆ చిన్న పుస్తకం తెరిచి ముచ్చటగా చదివాడు. "పనిపిల్ల మీద అన్యాయంగా దొంగతనం మోపారు. మనసు కలిచివేసింది."

వదినకు ఇందాకటి కఫాన్ని చూసినా ఇంత రోత పుట్టలేదు. బకెట్ ఎత్తుకుని చరచరా హాల్లోకి దిగి, మేనేజరు బల్ల మీద ఠపీమని పెట్టింది.

"ఇదిగో రాజుగారి ఉంగరం. ఆయన చేతులతోనే గొట్టంలో పడేసుకుని, నోరు మూసుకుని కూర్చున్నారు. అది జారడం కళ్లారా చూశానని ఆయనే చెప్పారు, అడగండి."

మేనేజరు లేచి నిలబడ్డాడు. వెనకే దిగివచ్చిన రాజు అవునన్నట్టు తలూపాడు. ఆడబిడ్డ కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది. అన్నయ్య బకెట్లో చెయ్యి పెట్టబోయాడు.

"నువ్వాగు బాబూ," అంది వదిన. "ఆయన్నే తీసుకోనీ."

హాలంతా చూస్తూ ఉంది. రాజు ముందుకొచ్చి చొక్కా చెయ్యి పైకి మడుచుకోబోయాడు. ఎంతసేపు తంటాలు పడ్డా ఆయనకు గుండీ విప్పడం రాలేదు.