పెరట్లో తాజ్‌మహల్

కాపురానికి వచ్చిన కొత్తలో జీనత్‌కు ఉదయగిరిలో ప్రతిదీ ముద్దొచ్చేది. పొద్దున్నే కొండ భుజం మీద కునుకు తీసే మబ్బు, భర్త యాసిన్ చెక్క గరిటెలు చెక్కుతుంటే గాలికి లేచే లేత పొట్టు, ఆ పొట్టు తన జడలో చిక్కుకుంటే తీస్తానని దగ్గరికొచ్చి అతను ఎంతకీ తీయకపోవడం. వంటింట్లో అత్త రహీమాబీ చెయ్యెత్తినప్పుడల్లా గాజులు మణికట్టు నుంచి మోచేతిదాకా గలగలా జారేవి. ఆ చప్పుడు వింటూ పడుకుంటే తెల్లవారుజాము కల ఇంకాసేపు సాగేది.

అన్నిటికన్నా ముద్దొచ్చేది పెరట్లోని మరుగుదొడ్డి. ఆత్మకూరులో బస్సు కండక్టరైన జీనత్ తండ్రి, బి.ఎ. చదివిన కూతుర్ని ఇస్తూ అడిగింది అదొక్కటే. యాసిన్ నెల్లూరులో తెల్ల పింగాణీ బేసిను కొని బస్సు టాపు మీద వేయించి, అది పగలకుండా తనూ టాపు మీదే కూచుని వచ్చాడు. ఆ వీధిలో అదే మొదటిది. ఆడవాళ్లంతా చూడ్డానికొచ్చారు.

"షాజహాను పెళ్లాం పోయినాక కట్టించినాడు. ఈడు బతికుండంగానే కట్టించినాడు" అని పక్కింటి అమీరున్నీసా నవ్వింది.

రహీమాబీ మాత్రం అందులో కాలు పెట్టలేదు. "తినేదీ ఇంట్లోనే, పోయేదీ ఇంట్లోనేనా? థూ!" అనేది. తెల్లవారకముందే చెంబు పట్టుకుని వీధి ఆడవాళ్లతో కంపచెట్ల చాటుకు పోయేది. వెలుతురొస్తే మళ్లీ చీకటి పడేదాకా, కడుపు నొచ్చినా, బిగబట్టుకోవాల్సిందే.

కార్తీకంలో ముసురు పట్టింది. ఒకరోజు రహీమాబీ నీరసంతో ఆలస్యంగా లేచింది. వాకిలి దాకా పోయి, ఆయాసం వచ్చి తలుపు పట్టుకుంది. అప్పటికే తెల్లారిపోయింది. జీనత్ ఆమె చెయ్యి పట్టుకుని మరుగుదొడ్డికి నడిపించింది.

బయటికొచ్చాక అత్త మొహం పాలిపోయి ఉంది. "ఏమ్మే, నీ పింగాణీ నాకు పడలా. నెత్తురు లాగేసింది" అంది.

జీనత్ లోపలికి తొంగిచూసింది. పైనుంచి పడే మెత్తని వెలుగులో, తెల్లటి బేసిను మీద ఎవరో తాంబూలం ఉమ్మినట్టు ఎర్రగా ఉంది.

"ఎప్పట్నించి అత్తా?"

"ఇప్పుడే. ఇదెక్కినాకే."

"అంతకుముందు?"

"చీకట్లో ఏం కనపడతాదే, నా మొహం! కడుపులో మెలిపెట్టేది, అంతే. ఈ వీధిలో ఎవురికి పెట్టదు? ఫకీర్ సాహెబ్ పెళ్లాం అట్నే ఎండిపోయి పోయింది. తిరుపాలు వాళ్లమ్మా అంతే. పిలుపొచ్చింది, పోయినారు."

ఆమె చెయ్యి ఊపింది. గాజులు మోచేతికి జారాయి.

"ఈ గాజులు ఎప్పటివి అత్తా?"

"నీ పెళ్లివే. సబ్బు రాస్తే గానీ ఎక్కలా."

తన కలల్లో గలగలలాడింది ఏమిటో జీనత్‌కు అప్పుడు అర్థమైంది.

నెల్లూరు ఆసుపత్రికి పోదామంటే రహీమాబీ ఒప్పుకోలేదు. "మగ డాక్టరుకు ఆ చోటు చూపించాలా? చచ్చినా రాను. ఆకుమందు తాగితే పోతాది" అంది. యాసిన్ బతిమాలాడు, అలిగాడు. లాభం లేకపోయింది.

"సరే" అంది జీనత్. "నెత్తురు లాగే దాంట్లో నేనెందుకు కూచోవాల? రేపట్నించి నేనూ మీతోనే కంపచెట్లకు వస్తాను."

అన్నట్టే చెంబు పట్టుకుని బయల్దేరింది. కొత్త చీర ముళ్లకు పట్టుకుని చిరిగింది. బురదలో జారి, తనకే నవ్వొచ్చి నవ్వింది. ఆడవాళ్లు రహీమాబీ మీద పడ్డారు. "కొత్త పెళ్లికూతుర్ని బురదలోకి తోలుకొచ్చినావే, నీకేమన్నా బుద్ధుండాదా?"

ఒకనాటి పొద్దున జీనత్ పాదంలో కంపముల్లు దిగింది. రహీమాబీ ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, పిన్నీసుతో మెల్లగా ముల్లు తీసింది. ఎర్రటి చుక్క ఒకటి పైకొచ్చింది. దాన్ని కొంగుతో అద్ది, చాలాసేపు చూస్తూ కూచుంది.

"పా" అంది చివరికి. "యాడికి పోవాల్నో పోదాం పా."

పెద్దపేగులో గడ్డ, కేన్సరన్నారు. కోసి తీశారు. "మళ్లీ రాదని మాటివ్వలేను. కానీ ఇంకా ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు డాక్టరు.

ఎండలు ముదిరేసరికి రహీమాబీ ఇంటికొచ్చింది. మరుగుదొడ్డి పక్కన నులకమంచం వేయించుకుని, అమ్మలక్కలు ఒక్కొక్కరినీ పిలిచేది. "రామ్మే. వెలుతురుండంగా ఒక్కసారి పోయి చూసుకో."

"తాజ్‌మహలుకు టికెట్టెంతే?" అంటూ అమీరున్నీసా వచ్చింది. నవ్వుతూ లోపలికి పోయింది. అవతల యాసిన్ చెక్కుతున్న పొట్టు ఎండలో బంగారు రేకుల్లా తేలుతోంది. లోపలి నుంచి ఎంతకూ నీళ్ల చప్పుడు రాలేదు.

తలుపు తీసేసరికి ఆమె మొహంలో నవ్వు లేదు. జీనత్ ఎదురెళ్లి చెయ్యి పట్టుకుంది.

రహీమాబీ మంచం మీద కాస్త పక్కకు జరిగింది. గాజులు ముంజేతి మధ్యలోనే ఆగాయి.

"కూచోవే" అంది. "నెల్లూరు బస్సు పొద్దున్నే ఉండాది. నేనూ వస్తాను."