ఇంజక్షన్ గది పీట

నేను ఒక పొట్టి పీటను. మూడు కాళ్లు. తుమ్మకర్ర ఒళ్లు. పుట్టినప్పటినుంచీ ఆసుపత్రి ఇంజక్షన్ గదిలోనే ఉన్నాను. నామీద కూర్చుని నవ్వినవాణ్ణి చూడలేదు. సూది కనబడితే మీసాలున్నవాళ్లు కూడా కళ్లు మూసుకుంటారు.

ఆసుపత్రికి ఏం కావాలో తేల్చడానికి ఒక సంఘం ఉంది. అందులో రైసుమిల్లు ఆయన ఉన్నాడు, సినిమాహాలు ఆయన ఉన్నాడు. సూది పట్టినవాళ్లు లేరు. నర్సులు గొడవచేస్తే వాళ్లలోంచి మేరీరత్నాన్ని పిలిచారు. ప్రత్యేక ఆహ్వానితురాలట. అంటే టీ ఇస్తారు, ఓటివ్వరు. కుర్చీ కూడా వేయలేదు. ఆమె నన్ను చంకన పెట్టుకుని వెళ్లింది.

నామీద కూర్చుంటే బల్ల పైకి ఆమె కళ్లే కనబడేవి. రాత్రి డ్యూటీకి ఒక్క నర్సు చాలని అక్కడ మాట నడుస్తోంది.

"ఆ ఒక్కతీ కాన్పు దగ్గరుంటే వార్డు ఎవరు చూస్తారండీ..." అని ఆమె మొదలుపెట్టింది.

"మన నర్సమ్మ సేవలు మరువలేనివండి!" అంటూ చైర్మన్ తాతబ్బాయి గారు శాలువా కప్పేశారు. అందరూ చప్పట్లు. మాట అందులో కొట్టుకుపోయింది.

ప్రతి మీటింగుకీ ఇదే తంతు. ఆమె ఆ శాలువాలు మడిచి నామీదే వేసుకునేది. మర్యాదతో పాటు నేనూ ఎత్తు పెరిగాను. చివరికి ఆమె తల చైర్మన్ గారి తలను దాటింది.

ఆ సంఘంలో తీర్మానాలకూ చప్పట్లే. చేతులు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. చప్పట్లు పడితే గుమాస్తా రాసేస్తాడు.

రాత్రి డ్యూటీ సంగతి తేల్చేసే రోజు వచ్చింది. శాలువా కూడా వచ్చింది. మేరీరత్నం దాన్ని లాక్కుని తాతబ్బాయి గారికే కప్పింది.

"ఈసారి సన్మానం తమకేనండి. ఈ సంఘంలో నర్సులకి ఓటుండాలండి. ఇదే తీర్మానం."

శాలువా పడింది కదా, అలవాటుగా అందరూ చప్పట్లు కొట్టారు. పకోడీలు పక్కనబెట్టి మరీ కొట్టారు.

"అయిపోయింది. రాసుకో బాబూ," అంది గుమాస్తాతో.

"ఆగవయ్యా! నేను కొట్టింది శాలువాకి!" అన్నాడు మిల్లు ఆయన.

"ఇన్నాళ్లూ దేనికి కొట్టారో మేం అడిగామా అండీ?"

గుమాస్తా రాసేశాడు. అతని భార్యకు ఆ నెలలోనే పురుడు. ఇక ఒక్క నర్సు చాలన్న తీర్మానం చదివితే, ఈసారి చప్పట్లు దేనికింద రాసేస్తారోనని చేతులు కలపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆమెకు కుర్చీ వచ్చింది. నేను నా గదికి వచ్చేశాను.

మొన్న తాతబ్బాయి గారిని కుక్క కరిచింది. సూదిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"కూర్చోండి సార్," అంది మేరీరత్నం. "ఇక్కడ తమరు ప్రత్యేక ఆహ్వానితులు."

కూర్చున్నారు. మూడు కాళ్ల పీట ఊగదు. ఆయనే వణికారు.