ఇంకాస్త నానాలి

వీధిలో అందరూ ఆవిడను మరకలమ్మ అంటారు. ఇంటి ముందు గదే బట్టలు శుభ్రం చేసే దుకాణం. ఉతకడం, ఇస్త్రీ చేయడం ఎవరైనా చేస్తారు గానీ సిరా పడ్డా, తుప్పు పట్టినా, గోళ్ళరంగు ఒలికినా మాత్రం ఆవిడ దగ్గరికే రావాలి. బట్టల మీద ఆవిడకు అంత ఓర్పు. మనుషుల మీద, అందులోనూ సొంత చెల్లెలి మీద, ఆ ఓర్పు చిటికెడు కూడా లేదు.

చెల్లెలు పక్క ఊళ్ళో బ్యూటీపార్లర్ నడుపుతుంది. చిన్నప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలు చెల్లెలి బుగ్గలు గిల్లి ముద్దుచేసి, అక్కను మాత్రం మంచినీళ్ళు తెమ్మనేవారు. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. పోనీ, పాత సంగతి అని ఊరుకుందామంటే ఇప్పుడు కన్నకూతురే పిన్ని పాట అందుకుంది. సెలవులకు వెళ్ళి వచ్చింది మొదలు, పిన్ని ఇలా అంది, పిన్ని అలా చేసింది! పదిహేనేళ్ళ పిల్లకు పొడుగాటి అతుకుడు గోళ్ళు, వాటి మీద వంకాయ రంగు. గ్లాసు పట్టుకున్నా చిటికెనవేలు పైకి లేస్తోంది. అచ్చం పిన్నే.

అది చాలదన్నట్టు ఆ మధ్యాహ్నం ఇంకో బాంబు పేల్చింది.

"అమ్మా, నేను పిన్ని వాళ్ళింట్లో ఉండి చదువుకుంటా. పిన్ని సరేనంది."

"పిన్ని సరేనంటే అయిపోయిందా? నిన్ను కన్నదెవరే?"

"మొదలుపెట్టావా!" అని పిల్ల విసురుగా లేచింది. కాలు తగిలి గోళ్ళరంగు సీసా బోర్లాపడింది. మర్నాడు బడి తెరిచే రోజు. దానికోసం ఇస్త్రీ చేసి పెట్టిన తెల్లచొక్కా మీద అరచేతంత వంకాయ రంగు పరుచుకుంది.

మరకలమ్మ చొక్కా అందుకుంది. లోపలి మడత మీద గోళ్ళరంగు కరిగించే అసిటోన్ ఒక్క చుక్క వేసి, బట్ట పాడవదని చూసుకుంది. మరకను బోర్లా తిప్పి, కింద తెల్లగుడ్డ పరిచి, తడిపిన దూదితో వెనకవైపు నుంచి అద్దింది. రుద్దలేదు. రంగు కింది గుడ్డలోకి దిగుతుంటే, ఆ గుడ్డను జరుపుకుంటూ ఓపిగ్గా అద్దుతూనే పోయింది. చివరికి మరక ఎక్కడ పడిందో వెతుక్కోవలసి వచ్చింది.

"అబ్బ, భలే తీశావమ్మా!" అంది పిల్ల.

తల్లికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే "పిన్నికి చూపించాలి" అంటూ పిల్ల ఫోను తీసింది. లేచొచ్చిన ప్రాణం కాస్తా ఉసూరుమంది.

"తర్వాత చూపిద్దువుగాని. ఆ గోళ్ళు కూడా తీసేస్తాను, రా. వాటితో బడిలోకి రానిస్తారా?"

"పిన్ని ఆదివారం వచ్చి తీస్తానంది."

"నేనుండగా ఆవిడెందుకు? లోకంలో ఉన్న మరకలన్నీ తీసేదాన్ని, ఈ ముక్కలు తీయలేనా?"

పిల్ల అనుమానంగానే చెయ్యి చాపింది. మరకలమ్మ గోళ్ళ మీద తడిదూది ఒత్తిపెట్టింది. నానాలని ఆవిడకు తెలుసు. అప్పుడే పిల్ల ఫోను మోగింది. రెండో చేత్తో తెరిచి, పిన్ని పంపిన మాట చదువుకుని పిల్ల ముసిముసిగా నవ్వింది. మరకలమ్మకు ఒళ్ళు భగ్గున మండింది. తన చేతిలో చెయ్యి, నవ్వు మాత్రం చెల్లెలికి! చూపుడువేలి గోరు కింద కత్తెర మొన దూర్చి ఒక్క ఊపున లాగేసింది.

అతుకుడు గోటితో పాటు అసలు గోటి పొర కూడా లేచి, అంచున రక్తం చిమ్మింది. పిల్ల కెవ్వుమంది.

"అందుకే వెళ్ళిపోతానంటున్నా! పిన్ని మీద కోపమైతే పిన్నితో పోట్లాడు. నా చెయ్యేం చేసింది?"

అబద్ధమైతే తల్లి కసిరేదే. ఊరివాళ్ళ బట్టల్లో ఒక్క పోగు తెగనివ్వని మనిషి, కూతురి వేలు చీల్చింది. సిగ్గుతో ఆవిడకు తల ఎత్తబుద్ధి కాలేదు. వేలు కడిగి, మందు రాసి, కట్టు కట్టింది. ఆపైన, జన్మలో ఎన్నడూ చేయని పని చేసింది. తనంతట తానే చెల్లెలికి ఫోను చేసింది.

"ఆ గోళ్ళు ఎలా తీయాలే?"

"లాగావా అక్కా?"

"లాగాను."

అవతల చెల్లెలు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, నాలుగు తిట్టడానికి వీలుండేది.

"ముందు పొడుగు కత్తిరించు. పైన మెరుపు పోయేదాకా ఆకురాయితో రుద్దు. చుట్టూ చర్మానికి వాసెలిన్ రాసి, అసిటోన్‌లో తడిపిన దూది గోటి మీద పెట్టి, పైన అన్నం పొట్లాలకు చుట్టే రేకు చుట్టు. పొయ్యి ఆర్పేసి, కిటికీ తీసిపెట్టు. మెత్తబడితే పుల్లతో నెట్టు, అదే వస్తుంది. రాకపోతే మళ్ళీ చుట్టు. దెబ్బ తగిలిన వేలి జోలికి పోకు." అంతా చెప్పి, చెల్లెలు అడిగింది. "మరి పిల్లను పంపుతున్నావా?"

"గోళ్ళు తీశాక చెప్తా."

పిల్ల మొహం అటు తిప్పుకునే చేతులిచ్చింది. మరకలమ్మ చెల్లెలు చెప్పినట్టే చేసి, కట్టున్న వేలు వదిలి, మిగతా ఒక్కో వేలికీ రేకు చుట్టి, రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల తన జడ తనే వేసుకోవడం మొదలుపెట్టాక ఇంతసేపు తల్లి చేతికి చిక్కడం ఇదే మొదటిసారి.

"అక్కడ అంత ఏముందే?" అని అడిగింది చివరికి.

"పిన్ని నేను చెప్పేది వింటుంది. నువ్వెప్పుడూ చొక్కాలతోనే."

కారం రాసినట్టు మండింది మరకలమ్మకు. అయినా మింగేసింది. "నాకూ చెప్పు, వింటా" అంది.

పిల్ల కాసేపు బెట్టు చేసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. లెక్కల టీచరు అంటే భయమట. ప్రాణస్నేహితురాలు మాట్లాడడం మానేసిందట. ఇవన్నీ చెల్లెలికి ఎప్పుడో తెలుసని గుర్తొచ్చినప్పుడల్లా తల్లి కడుపు రగులుతూనే ఉంది. ముందు గదిలో ఎవరో కోటు పట్టుకొచ్చి పిలిచారు. "రేపు రండి" అని కూర్చున్నచోటి నుంచే కేకేసింది. పిల్ల ఆశ్చర్యంగా చూసింది.

గోళ్ళు ఒక్కొక్కటే మెత్తగా ఊడి వచ్చాయి. బొటనవేళ్ళు మిగిలాయనగా ఫోను మోగింది.

"పిన్ని" అంది తల్లి, పేరు చూసి.

"చేతులు ఖాళీ లేవని చెప్పమ్మా."

మరకలమ్మ ఆ మాట చెల్లెలికి మామూలుగా చెబుదామనుకుంది. గొంతులో సంబరం దాగితేనా!

చివరిది కుడిచేతి బొటనవేలు. రేకు విప్పి పుల్ల ఆనించగానే గోరు కదిలింది. ఇంకొంచెం నెడితే చేతిలోకి వచ్చేస్తుంది. మరకలమ్మ పుల్ల పక్కన పెట్టి, అదే రేకు మళ్ళీ చుట్టింది.

"ఇంకాస్త నానాలి."

పిల్ల చెయ్యి వెనక్కు తీసుకుని, రేకు మీదినుంచే ఆ గోటిని కదిపి చూసుకుంది. తల్లి మొహంలోకి ఒక్క క్షణం చూసింది.

"అవునమ్మా, ఇంకా గట్టిగానే ఉంది" అని, చెయ్యి తెచ్చి మళ్ళీ తల్లి ఒళ్ళో పెట్టింది.