మబ్రూకా పేరు పెట్టిన పురుగు

సూక్ష్మదర్శిని కింద ఉన్నది ఒక్క ప్రాణి కాదేమో. రెండేమో.

నాలుగో కణుపుకీ ఐదో కణుపుకీ మధ్య సన్నటి పసుపు గీత. సూదిమొనతో తాకాను. పెచ్చు లేచింది. బంక.

ముప్పై తొమ్మిదేళ్లుగా మ్యూజియం అలమరలో ఉన్న పురుగు అది. రాళ్ల కింద చెమ్మలో దాక్కునే బూడిదరంగు పురుగుకి ఎడారి చుట్టం. వంశం రొయ్యలది. ఏనాడో నీళ్లు వదిలేసి ఇసుకలో బొరియ తవ్వుకుంది. అయినా పొట్ట కింద మొప్పల రేకుల్ని మాత్రం వదల్లేదు. ఏడు జతల కాళ్లతో సముద్రాన్ని మోసుకు తిరుగుతున్నట్టే ఉంటుంది.

దాన్ని కొత్త జాతిగా గుర్తించింది మా ఉస్తాద్ కిలానీ. పేరు ఆయన భార్య మబ్రూకాది. నాకు ఈ విద్య నేర్పిందీ ఆయనే.

కొత్త జాతి అనడానికి ఆయన చూపిన ఆధారాలు రెండు. ఒకటి, తల మీదా ముందు నాలుగు కణుపుల మీదా బుడిపెలు మూడు తిన్నటి వరుసల్లో ఉండడం. రెండు, మగదాని పొట్ట కింద మొదటి రేకుకుండే సూది కొడవలిలా వంగడం. వరుస బుడిపెల పురుగులు అంతకుముందే తెలుసు, వాటి సూది తిన్నగా ఉంటుంది. వంపు సూదివీ తెలుసు, వాటి బుడిపెలు చెల్లాచెదురుగా ఉంటాయి. రెండూ ఒకే ఒంటి మీద ఉన్నది ఈ ఒక్క పురుగుకే.

ఆ ఒంటికి సరిగ్గా నడుమ బంక. సగాలు వేరువేరు పురుగులవైతే ఆ జాతే లేనట్టు.

దేశంలోని ఈ పురుగుల జాబితా ఆదివారం అచ్చుకు వెళ్తుంది. మబ్రూకా పేరు ఉంచాలో కొట్టేయాలో తేల్చాల్సింది నేను. సీసా సంచిలో పెట్టుకుని మత్మాతా ఊరికెళ్లే వ్యాను ఎక్కాను.

మబ్రూకా పోయి, తన చూపూ పోయాక ఉస్తాద్ అక్కడే మరదలు సాదియా కుటుంబంతో ఉంటున్నారు. మత్మాతాలో పాత ఇళ్లు నేల మీద ఉండవు, నేలలో ఉంటాయి. సొరంగంలోంచి దిగితే గుండ్రటి వాకిలి, చుట్టూ మట్టిలో తొలిచిన గదులు, పైన గుండ్రటి ఆకాశం. ఫిబ్రవరి ఎండ ఆ వాకిట్లోకి నీళ్లలా దిగి నిలిచింది. ఉస్తాద్ దాని అడుగున కూర్చుని ఉన్నారు.

"అడుగుల్ని బట్టి చూస్తే మొంజియా. విసురుని బట్టి చూస్తే తగాదాకి వచ్చింది," అన్నారాయన.

"ముందు తిననివ్వు బావా, ఎముకల గూడులా ఉంది," అంది సాదియా, బార్లీ రొట్టె, ఆలివ్ నూనె నా ముందు పెడుతూ. నేనామెను ఖాల్తీ అంటాను, పిన్ని వరస. "పురుగుల కాళ్లు లెక్కబెట్టే పిల్లకి ఒంటికి కండ ఎక్కడ పడుతుందిలే!"

నేను నాన్చలేదు. "ఉస్తాద్, ఒంటి మధ్యలో బంక ఉంది."

ఆయన వేళ్లు ఒకదానికొకటి రుద్దుకున్నారు.

"దాన్ని పట్టిన రోజు నిల్వ స్పిరిట్ అయిపోయింది," అన్నారు. "అది అప్పుడే కుబుసం విడుస్తున్న మగది. వెనక సగం విడిచింది, ముందు సగం ఇంకా విడవలేదు. చేతిలో ఉన్నది మా మామగారి అంజూరపు సారా. అందులో వేశాను."

"సారాలోనా!"

"కుర్రతనం. సారా పలచన కదా, స్పిరిట్‌లా బిగించదు. పొద్దున చూస్తే పురుగు సరిగ్గా నడుమకి విడిపోయింది. అతికించాను."

"దాని సగానికి దాని సగాన్నే కదా?"

"అదే సీసాలో ఇంకో పురుగు కూడా ఉందమ్మా. అదీ విరిగింది." ఆయన గొంతు తగ్గింది. "రంగు చూసి జత కలిపాను. వ్యాసంలో మాత్రం పురుగు ఒక్కటే అని రాశాను. అప్పటి నుంచీ ఆ నాలుగు ముక్కలూ కలలోకొస్తాయి. ఒక్కోసారి సరిగ్గా అతుక్కుంటాయి. ఒక్కోసారి అతుక్కోవు."

"మా అక్కకి చెప్పావా ఇది?" అంది సాదియా.

"తన పేరు పెట్టాక ఎలా చెప్పను? ఆ రాత్రి చేతులకు సారా వాసన వచ్చిందని లోపలికే రానివ్వలేదు మీ అక్క. తాగలేదు, పురుగుకి పోశానంటే నమ్మితేగా!"

సాదియా పగలబడి నవ్వింది. ఉస్తాద్ నవ్వలేదు. "పేరు కొట్టేస్తావా?"

"ప్రాణంతో ఉన్న మగది ఒక్కటి కావాలి. రెండు గుర్తులూ దాని మీదే కనబడాలి."

"అయితే వాగులోకి పద," అంటూ లేచారాయన. "చంపకు మాత్రం. ఇది జతలు కట్టే కాలం. బొరియకో జంట, తలుపు దగ్గర కాపలా ఒక్కటే ఉంటుంది."

వాగు ఎండి ఎన్నేళ్లయిందో. అయినా ఇసుక మీద అలల గీతలు అలాగే ఉన్నాయి. ఆ గీతల మధ్య బొరియలు, ఒక్కో నోటి చుట్టూ పురుగు పెంటికల గట్టు. ప్రతి నోట్లోనూ ఒక తల బిరడాలా బిగిసి ఉంది. ఉస్తాద్ చేయి సాదియా భుజం మీద. నేను మోకాళ్ల మీద పాకుతున్నాను. గాలి లేదు, చప్పుడు లేదు. నడుస్తున్నామో తేలుతున్నామో తెలియని వెలుగు.

మొదటి బొరియలో తల మీద చెల్లాచెదురు బుడిపెలు. ఒక్కోదాన్నీ వేలితో కదిపి చూశాను. రెండు, మూడు, ఆరు, అన్నీ అవే. ఎనిమిదోది కూడా.

"ఏమిటమ్మా?" అని ప్రతిసారీ అడిగారు ఉస్తాద్. ప్రతిసారీ కాదన్నాను. ఆయన అడగడం మానేశారు.

పదకొండో బొరియ దగ్గర ఆగాను. మూడు వరుసలు. తిన్నగా, కుట్టుపని చేసినట్టు.

గడ్డిపరకతో గిల్లాను. అది పరకను కరచుకుంది. మెల్లగా లాగి, వేళ్లతో పట్టుకుని, రెండు గాజు పలకల మధ్య వెల్లకిలా నిలిపి, భూతద్దం కన్నుకి ఆనించాను. పద్నాలుగు కాళ్లు గాలిలో ఈదుతున్నాయి. తెల్లటి రేకులు ఊపిరికి లేస్తూ పడుతున్నాయి. మొదటి రేకు పక్కకు తొలగింది.

సూది కనబడింది. కొడవలిలా వంగి ఉంది.

"ఒక్కటే ఉస్తాద్. రెండు గుర్తులూ ఒక్కదానివే. మీరు సరిగ్గానే అతికించారు."

ఆయన ఇసుకలో కూలబడ్డారు. "అదృష్టం," అన్నారు. "అది శాస్త్రం కాదు, అదృష్టం. బంక సంగతి రాయి. నేను దాచానని రాయి."

"రాస్తాను. పేరు మాత్రం ఉంటుంది."

నాలుగైదు ఫొటోలు తీసుకుని మగదాన్ని బొరియ ముందు వదిలాను. అది పరుగున నోటి దగ్గరకు చేరింది. అప్పటికే లోపలి నుంచి ఆడది వచ్చి తలతో దారి మూసేసింది. మగది మీసాలతో తాకింది. ఆడది తోసేసింది. మళ్లీ వచ్చింది. మళ్లీ తోసింది.

ఈ పురుగులు ఇంటివాళ్లని గుర్తుపట్టేది ఒంటి పూత వాసనను బట్టే. అంతకుముందు పది కాపలాదారుల్ని కెలికింది ఈ చేతులతోనే.

"ఏమవుతోంది?" అన్నారు ఉస్తాద్.

"రానివ్వడం లేదు. పరాయి వాసన పట్టించాను."

"సాయంత్రం దాకా ఎండలో ఉంటే చస్తుంది పాపం," అంది సాదియా.

ఉస్తాద్ తలపాగా విప్పి నాకిచ్చారు. నీడ పట్టాను. ముగ్గురం అక్కడే కూర్చుండిపోయాం. మగది కదలకుండా గడప ముందు నిలబడింది. ఎండ వాగు అంచు ఎక్కింది. సాదియా ఏదో పాత కూనిరాగం తీసింది, ఆపేసింది. నాకు కాలం లెక్క తప్పింది.

ఆడది మీసాలు బయటికి చాచింది. మగదాని తల తడిమింది. వరుస వరుసా తడిమింది, చేత్తో ముఖం పోల్చుకుంటున్నట్టు. చాలాసేపు.

"మొంజియా, ఇంకా బయటే ఉన్నాడా?"

ఆడది వెనక్కి జరిగింది. మగది లోపలికి దూరి, వెంటనే తిరిగి తలతో నోరు మూసేసింది. మూడు వరుసల బుడిపెలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"లేడు ఉస్తాద్. తలుపు తీసింది."

ఆయన తన చేతులు ముక్కు దగ్గరకు తెచ్చుకుని వాసన చూశారు.

"ఆ రాత్రి నాకు తెల్లారేదాకా పట్టింది," అన్నారు.