మెయిన్ స్విచ్ దించిన రంగప్ప

మా హెడ్మాస్టరు బాలసుబ్రమణ్యం గారికి కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు గానీ, ఎలాంటిది కావాలో మాత్రం బాగా తెలుసు. పెద్దది కావాలి. రంగుల తెర ఉండాలి. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచే చూసి నోరు వెళ్ళబెట్టాలి. దాన్ని కొనడానికి ఆలంగాయం నుంచి వేలూరు దాకా వెళ్తూ బస్సులో ఆయన మల్టీమీడియా అనే మాటను ఎన్నిసార్లు పలికారంటే, వెనక సీట్లో ముసలమ్మకు కూడా నోటికి వచ్చేసింది.

నేను ఆ బడిలో లెక్కల టీచర్ని, పేరు రాజాంబాళ్. బడి తమిళనాడులో ఆలంగాయం పైన కొండ మీద ఉంది. అక్కడికి కరెంటు చుట్టపుచూపుగా వస్తుంది. ఎవరో మహానుభావులు ఇచ్చిన కలర్ టీవీ నెల తిరక్కుండానే కాలిపోయింది. ఇప్పుడు దానికి గుడ్డ తొడిగి, ఆయుధపూజకు విభూతి పట్టెలు పెట్టి దండం పెట్టుకుంటున్నాం. పిల్లలకు దాన్ని తాకే యోగం అది బతికున్నప్పుడూ లేదు, చచ్చాకా లేదు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. పేపరు తెరిస్తే చాలు, దేశమంతా కంప్యూటర్ల మీదే బతుకుతున్నట్టు రాసేవాళ్ళు. మార్చి దాటితే నా ఎనిమిదో తరగతి పిల్లలు బెంగుళూరులో ఇటుకలు మోయడానికి పోతారు. చాలామంది మళ్ళీ బడి గుమ్మం తొక్కరు. పోయేలోపు ఒక్కసారైనా వాళ్ళు కంప్యూటర్ మీద చెయ్యి వెయ్యాలి. నా పట్టుదల అంతే.

కంప్యూటర్ ఇప్పిస్తున్నది గుడియాత్తం లుంగీ నేతగాళ్ళ సంఘం. వాళ్ళ తరఫున మా పెదనాన్న రంగప్ప వేలూరు బస్టాండులో మమ్మల్ని కలిశాడు. మగ్గం తప్ప మరో యంత్రం ఎరగని మనిషి. ఆయన సరేనంటేనే కొనడం.

కంప్యూటర్లు అమ్మే ఏసుదాస్ కొట్లో అన్నిటికన్నా పెద్ద కంప్యూటర్‌ను మా ముందు పెట్టారు. తెర మీద రంగురంగుల చేపలు ఈదాయి. మా సార్ గర్భగుడి ముందు నిలబడినట్టు చేతులు కట్టుకున్నారు. పెదనాన్న మాత్రం కొట్టంతా కలయజూసి, గోడ దగ్గరికి నడిచి మెయిన్ స్విచ్ దించేశాడు.

చేపలు చచ్చాయి. ఏసుదాస్ పరుగెత్తుకొచ్చాడు.

“ఏం లేదు నాయనా, మా బిడ్డోళ్ళ బడికాడ దినానికి నాలుగు తూర్లు ఇట్లే పోతాది. అప్పుడు ఇదేం చేస్తాదో చూద్దామని” అన్నాడు పెదనాన్న.

కొట్టంతా చీకటి. ఒక్క మూలన మాత్రం ఓ చిన్న తెర వెలుగుతూనే ఉంది. నలుపు తెలుపు తెర, గీతలు పడిన పెట్టె, బల్ల కింద లారీ బ్యాటరీ. పెదనాన్న వేలు అటు చూపించాడు.

“అదు విక్కిరదుక్కు ఇల్లీంగ” అన్నాడు ఏసుదాస్ అరవంలో. అమ్మేది కాదట, తను బిల్లులు రాసుకునేదట.

“అమ్మేదానికి ఇది, నీ పనికి అదా? ఎందుకప్పా?”

ఏసుదాస్ తల గోక్కున్నాడు. అది కరెంటు తక్కువ తింటుందనీ, ఏదైనా పోతే తనే విప్పి బాగుచేసుకుంటాననీ మెల్లగా ఒప్పుకున్నాడు.

“అయితే మాకూ అదే ఇయ్యప్పా” అన్నాడు పెదనాన్న. ఏసుదాస్ సరేనన్నా, మా సార్ ఒప్పుకోలేదు. అంత పాత సరుకు పెట్టుకుంటే ఇన్‌స్పెక్టరు ముందు తన పరువు గంగలో కలుస్తుందన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందామని నోరు విప్పాను.

“ఇన్‌స్పెక్టరు ఏడాదికి ఒక తూరి వస్తాడు సార్. పిల్లకాయలు దినామూ వస్తారు.”

పెదనాన్న నా పక్కన వచ్చి నిలబడ్డాడు. సార్ చేపలు చచ్చిన తెర వైపు మరోసారి చూసి, చివరికి పాతదాని బిల్లు మీదే సంతకం పెట్టారు. మూడో రోజు ఏసుదాస్ తనే బ్యాటరీతో సహా ఆ కంప్యూటర్‌ను జీపులో తెచ్చి బిగించాడు. పాడైతే ఎలా విప్పాలో కూడా నాకు నేర్పించి పోయాడు.

మొదట కూర్చున్నది నా ఎనిమిదో తరగతి జీవా, ఓ మేస్త్రీ కూతురు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. తెర మీద దాన్ని చూసి, “ఇది నేనేనా టీచర్?” అని అడిగింది. నువ్వేనని తలూపాను.

ఇంతలో ఫ్యాను ఆగిపోయింది. అలవాటు ప్రకారం హెడ్మాస్టరు గారు గుమ్మంలోకి వచ్చారు.

“కరెంటు పోయినాది. మూసేసి అందరూ బయట చెట్టుకిందకి రాండి.”

ఒక్క తలా లేవలేదు. ఆయన మళ్ళీ చెప్పారు. జీవా ఇంకా వెలుగుతున్న తెర మీంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చింది.

“పోతే పోనీండి సార్.”