తెర మీద ఎత్తు లేదు

సైటులో అందరి చేతికీ కొత్త పట్టీలు కట్టిన రోజునే కూలీలు వాటికి ‘అత్తగారు’ అని పేరు పెట్టేశారు. ఎక్కడున్నావో చూస్తుంది, కూర్చుంటే కనిపెడుతుంది, గుండె కాస్త గట్టిగా కొట్టుకున్నా ఆఫీసుకి చాడీలు మోస్తుంది. చిన్నోడు ఇంటికొచ్చి ఈ మాట చెప్పి పగలబడి నవ్వాడు. పెద్ద కోడలు నా వైపు ఓరగా చూసి, "మా అత్తగారే నయం, అప్పుడప్పుడూ కునుకు తీస్తారు" అంది.

నా కొడుకులిద్దరిదీ ఆ ఫ్యాక్టరీ కట్టే చోటే పని. పెద్దోడు పరంజా కట్టేవాడు. బాయిలర్ టవర్ ఎంత ఎత్తు లేస్తే అంత ఎత్తుకి ముందుగా ఎక్కేది వాడే. చిన్నోడు ఆ టవర్ కిందే పైపుల స్టోరులో ఉండేవాడు. ఇంట్లో ఒకే గోడకి అటో కాపురం, ఇటో కాపురం. నా మంచం నడవలో.

ఆ మధ్య వచ్చిన జ్వరం తగ్గినా పెద్దోడికి గుండెదడ తగ్గలేదు. ఎత్తు మీద ఉన్నవాళ్లకి దడ ఎక్కువైతే ఆఫీసులో తెర మీద ఎర్ర దీపం వెలుగుతుంది, మనిషిని దించేస్తారు. వీణ్ణి రెండుసార్లు దించారు. ఇంకోసారి దించితే ఇక ఎప్పటికీ నేల పనే. సేఫ్టీ ఆఫీసరు చెడ్డవాడేం కాదు. ఒకప్పుడు మెడలో ఈల వేసుకుని, తల పైకెత్తి అరుస్తూ సైటంతా తిరిగేవాడట, అందుకే అందరూ ఈలబాబు అంటారు. ఇప్పుడు ఈల లేదు. తెర ముందు కూర్చుంటాడు. "నా చేతుల్లో ఏం లేదయ్యా, అది దించమంటే దించాల్సిందే" అన్నాడట.

"నేల మీద నేనేం చెయ్యనమ్మా? పైపులకి కాపలా కాయనా?" అన్నాడు పెద్దోడు.

"అంటే నేను కుక్కనా?" అన్నాడు చిన్నోడు. అంటూనే తన పట్టీ విప్పి చాపాడు. "ఇదిగో, నాది కట్టుకో అన్నా. నేల మీదవాళ్ల దడతో దానికి పనిలేదు. కదులుతున్నామా లేదా, అంతే చూస్తుంది. నీ అత్తగారిని నేను మోస్తాలే."

డాక్టరుకి చూపించుకోరా అని నేను మొత్తుకున్నాను. పని కాస్త తెమలనీ అన్నాడు. కోడళ్లకి చెప్పొద్దన్నారు. పెద్ద కోడలికి తెలిస్తే గది బయట గొళ్లెం పెట్టి కూర్చునే రకం.

అలా కొన్నాళ్లు గడిచింది. ఒక సాయంత్రం పెద్దోడు నా మంచం మీద కూర్చుని, "దడ తగ్గినట్టుందమ్మా. రేపట్నుంచి నాది నేనే కట్టుకుంటా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పొద్దున వాళ్లు వెళ్లేటప్పుడు నేను స్నానానికి పోయాను. ఎవరి చేతికి ఏది ఉందో చూడలేదు.

ఆ పూటే చిన్న కోడలి ఫోనుకి కబురొచ్చింది. పట్టీల్లో అదీ కొత్త ఏర్పాటే, మనిషి అడక్కుండా దానంతట అదే ఇంటికి కబురు పంపుతుంది. ‘మీ భర్త పట్టీలో కదలిక లేదు. గేటు దగ్గరికి రండి.’

చిన్న కోడలు ఫోను నా ఒళ్లో పడేసి అలాగే చతికిలబడింది. పెద్ద కోడలు పరుగెత్తుకొచ్చి దాన్ని వాటేసుకుంది. "లే తల్లీ, లే. ఏం కాదు. కళ్లు తిరిగి పడిపోయుంటాడు. ఆయన కూడా అక్కడే ఉన్నాడుగా, తమ్ముణ్ణి వదిలేస్తాడా?" అంటూ చెప్పులు కూడా తనే తొడిగింది. దారి పొడుగునా దాన్ని మోసినంత పని చేసింది.

వాళ్ల వెనక నా కాళ్లు నడుస్తున్నాయి. పట్టీలు మార్చుకునుంటే పోయింది పెద్దోడు. మార్చుకోకపోతే చిన్నోడు. ఏమని మొక్కను? ఒకడు బతకాలనుకున్న మరుక్షణం రెండోవాణ్ణి నేనే చంపుకున్నట్టు అనిపించింది. నోరు తెరిస్తే ఏ పేరు వస్తుందోనని పళ్లు బిగించుకున్నాను.

గేటు దగ్గర పనంతా ఆపేసి అందరినీ బయట నిలబెట్టారు. ఈలబాబు చేతిలో పలకలాంటి తెర ఉంది. "స్టోరులో చూపిస్తోంది. పైపుల సందుల్లో వెతుకుతున్నారు, దొరకలేదు" అన్నాడు.

"మా ఆయనేడి?" అంది పెద్ద కోడలు.

ఆయన తెర మీద వేలు జరిపాడు. "మీ ఆయన సేఫ్ అమ్మా. లారీతో బయటికెళ్లాడు, దారిలో ఉన్నాడు."

పెద్ద కోడలు కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నా మెడకి తగిలింది. పరంజా కట్టేవాడికి లారీతో ఏం పని? లారీతో వెళ్లేది స్టోరువాడు.

"బాబూ, పైన చూడండి" అన్నాను.

"స్టోరు మనిషి పైనెందుకు ఉంటాడమ్మా? ఇదిగో, చుక్క ఇక్కడే ఉంది."

"ఆ చుక్క నేల మీద ఉందో, ఆకాశంలో ఉందో చెబుతుందా మీ తెర?"

ఆయన వేలు ఆ చుక్క మీదే ఆగిపోయింది.

"ఆ పట్టీ నా పెద్దోడి చేతికుంది. మార్చుకున్నారు. తల పైకెత్తండి బాబూ!"

ఆయన తలెత్తాడు. అందరూ ఎత్తారు. పై వరస పరంజా పక్కన, బెల్టు కొక్కేనికి వేలాడుతూ మావాడు. టీకి అందరూ దిగితే ఒక బిగింపు మిగిలిందని ఉండిపోయాడట. బెల్టు రూలు ప్రకారమే పెట్టుకున్నాడు. అది వాణ్ణి వదల్లేదు. దించేసరికి ఒళ్లు చల్లబడిపోయింది. వెంటనే చూసుంటే బతికేవాడా అని సైటు డాక్టరుని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

అప్పుడే లారీ వచ్చింది. చిన్నోడు దూకి పరుగెత్తుకొచ్చాడు. చిన్న కోడలు మొగుణ్ణి చూసి కెవ్వుమంది, గుండెల మీద దబదబా బాది, వాటేసుకుంది. మొహంలో నవ్వు ఆపుకోలేకపోతోంది పిచ్చిది. పెద్ద కోడలి వైపు తిరిగాక ఆ నవ్వుని ఎక్కడ దాచుకోవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుంది. దగ్గరికి రాబోతే పెద్ద కోడలు పక్కకి జరిగింది.

"మీకు తెలుసు" అంది నాతో, మెల్లగా. "నేను దాన్ని ఓదారుస్తుంటే వెనకే వచ్చారు."

"ఎవరో ఒకరని తెలుసమ్మా. ఎవరో తెలీదు."

అది వినిపించుకుందో లేదో. ఈలబాబు చిన్నోడి దగ్గరికొచ్చి చెయ్యి చాపమన్నాడు, పట్టీ విప్పడానికి. ఆయన పట్టుకున్న తెర మీద పెద్దోడి పేరు పక్కన గుండె చప్పుడు చూపే పచ్చ గీత పైకీ కిందికీ ఎగురుతోంది.

పెద్ద కోడలు వచ్చి ఆ చేతికి అడ్డం పడింది.

"తియ్యకండి. కాసేపు ఉంచండి" అంది తెరనే చూస్తూ.

చిన్నోడు చెయ్యి అలాగే చాచి నేల మీద కూర్చుండిపోయాడు. ఎవరూ విప్పలేదు.