నీది నువ్వు తీసుకో

పొద్దున ఆరింటికి నొప్పులమ్మ షెడ్డు తలుపు తీసేసరికి ఇరవై ఆరు గుర్రాలూ తలలు బయటపెట్టి దాణా కోసం గొడవ మొదలెట్టేవి. గొడవంటే అంత గట్టి గొడవేం కాదు లెండి. అన్నీ ముసలివీ, కుంటివీ. పందేల్లో పరుగెత్తి మోకాళ్ళు పోగొట్టుకున్నవి కొన్ని, బండ్లు లాగి వీపులు పుళ్ళు పడ్డవి కొన్ని, స్వారీ నేర్పే బడిలో ఇరవయ్యేళ్ళు పిల్లల్ని మోసి మోసి చివరికి ఎవరికీ అక్కర్లేకుండా పోయినవి కొన్ని. పళ్ళున్నవాటికి ఎండుగడ్డి, లేనివాటికి నానబెట్టిన తవుడు. ఆ తవుడు కలిపే దాణా తాత "నాక్కూడా రెండేళ్ళలో ఇదే పెట్టండి" అని రోజూ అనేవాడు. రోజూ ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

నొప్పులమ్మ అసలు పేరేమిటో కొడుక్కి కూడా కాసేపు ఆలోచిస్తేగానీ గుర్తురాదు. పనిని బట్టి వచ్చిన పేరు అది. గుర్రం నుదుటి మీద అరచెయ్యి ఆనించి "ఇటివ్వు" అంటే, గుర్రం తన నొప్పి ఇచ్చేస్తుంది. దానికి ముందు కాలి డెక్కలో ఉంటే మనకి అరచేతిలో వస్తుంది, దానికి నడుములో ఉంటే మనకీ నడుములోనే. ఎంతుందో చూసుకున్నాక "నీది నువ్వు తీసుకో" అనాలి. వెనక్కి పోతుంది. గుర్రం చచ్చిపోతే దాని నొప్పి ఎవరి దగ్గరున్నా సరే, అదీ దానితోనే పోతుంది. ఇదేమంత గొప్ప విద్య కాదు, ఎవరైనా చెయ్యొచ్చు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి పార ఎక్కడుందో, బకెట్లు ఎక్కడున్నాయో చెప్పినట్టే ఇదీ చెప్తారు. చెయ్యమంటే మాత్రం అందరికీ వేరే పని గుర్తొస్తుంది. మనుషులు ఒకళ్ళ నొప్పి ఒకళ్ళకి ఇచ్చుకోలేరు. దాణా తాత తన మోకాలు సొంత తమ్ముడికి అంటగడదామని చాలాసార్లు చూశాడు, కుదర్లేదు.

ప్రతి గురువారం పశువుల డాక్టరు వచ్చేవాడు. ఏ గుర్రానికి చివరి సూది వెయ్యాలా వద్దా అన్న అనుమానం వచ్చినా ఆ గుర్రం ముందు నిలబడి నొప్పులమ్మ వైపు చూసేవాడు. ఆమె చెయ్యి పెట్టి రెండు మాటల్లో ఒకటి చెప్పేది. "ఓర్చుకుంటుంది" అంటే డాక్టరు కట్టు మార్చి వెళ్ళిపోయేవాడు. "చాలు" అంటే పెట్టె తెరిచేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాటకి తిరుగులేదు.

ఈ ఏడాదిలో నొప్పులమ్మ ఒక్కసారి కూడా "చాలు" అనలేదు. పది గుర్రాల్ని చూసింది, పదీ ఓర్చుకుంటాయంది. మొదట్లో అందరూ షెడ్డుకి మంచిరోజులొచ్చాయని సంబరపడ్డారు. షెడ్డులో లద్దె ఎత్తే ఆమె కోడలికి మాత్రం అనుమానంగా ఉండేది. కెప్టెన్ అనే నల్ల గుర్రం పొద్దస్తమానం గోడకేసి మొహం పెట్టుకుని నిలబడేది. ఒంటికన్ను గుర్రం తవుడు ముట్టేది కాదు, చలిలో కూడా చెమటలు పట్టేవి. మొగుడితో చెప్పింది. అతను గుర్రాల వ్యాన్ నడుపుతాడు, ఎంత ఘాట్‌రోడ్డయినా భయపడడు గానీ, "అమ్మకి చెప్పేంత మొనగాణ్ణా నేను?" అన్నాడు.

చివరికి తనే చెప్పింది. నొప్పులమ్మ కస్సుమంది.

"గోరు విరిగితే వారం రోజులు సంతాపం నీకు. నువ్వు నాకు నొప్పి గురించి పాఠం చెప్తావా?"

అదీ అబద్ధం కాదు. కోడలు గడ్డిపరక గుచ్చుకున్నా షెడ్డు ఎగిరిపోయేలా అరిచే మనిషి. పార తీసుకుని పనిలోకి వెళ్ళిపోయింది.

నొప్పులమ్మకి ఏడాదిగా కుడిపక్క ఏదో పట్టేస్తోంది. బకెట్ బోర్లించి దాని మీద కూచుని, పక్కని పిడికిలితో నొక్కుకుని, రెండు నిమిషాలయ్యాక లేచి పని చూసుకునేది. ఎవరైనా అడిగితే, "ఎవరిదో కొంచెం మిగిలిపోయిందిలే. ఇన్నేళ్ళు చూశాను, అంటుకోదా?" అనేది. కెప్టెన్‌దే అయ్యుంటుందని ఆమె లెక్క. అది తనదేనేమో అన్న ఆలోచనే రాలేదు. ఆ పనిలో ఉన్నవాళ్ళకి నొప్పంటే ఎప్పుడూ ఎదుటివాళ్ళదే మరి.

ఆ గురువారం చూడాల్సింది బూడిదని. స్వారీ బడి నుంచి వచ్చిన బూడిదరంగు ఆడ గుర్రం, మహా నెమ్మదస్తురాలు. ముందు కాళ్ళ రెండు డెక్కల్లోనూ లోపలి ఎముక కిందికి దిగిపోయింది. రెండు వారాలుగా ఎక్కువసేపు పడుకునే ఉంటోంది. డాక్టరు డెక్కలు చూసి, పెదవి విరిచి, "పెద్దమ్మా, నా ఉద్దేశం చెప్పనా?" అన్నాడు.

"వద్దు బాబూ," అని ఆమె బూడిద నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఇటివ్వు."

రెండు అరచేతుల్లోకీ వచ్చింది. ఉంది, లేకపోలేదు. కానీ ఆమె పక్కలో ఉన్నదాని ముందు అదెంత? పక్కింట్లో మోగే రేడియోలా ఉంది. "ఓర్చుకుంటుంది," అంది.

ఇక తిరిగిచ్చెయ్యాలి. ఒకప్పుడు "నీది నువ్వు తీసుకో" అని విడివిడిగా పలికేది. రోజూ అనే మాట అరిగిపోతుంది కదా, పోనుపోనూ "నీది తీసుకో" అయ్యింది. ఆ పొద్దున మాట్లాడబోతుండగా పక్కలో కలుక్కుమంది. నోట్లోంచి "తీసుకో" అని ఒక్కటే వచ్చింది.

బూడిద మంచి గుర్రం. తీసుకోమన్నది తీసుకుంది, ఉన్నదంతా.

నొప్పులమ్మకి ముందు నెత్తిమీది బరువెవరో దించినట్టయింది. నడుం దానంతటదే నిటారైంది. ఊపిరి కడుపు నిండా వెళ్ళింది. "అబ్బ!" అంది పైకే. అదే క్షణంలో బూడిద ఆ పాడైన డెక్కల మీదే లేచి నిలబడి, మళ్ళీ దబ్బున పడి, తల తిప్పి తన కుడిపక్కని తనే కొరుక్కోవడం మొదలెట్టింది. చెక్కలకేసి తల కొట్టుకుంది. అది మూలిగిన మూలుగుకి మిగతా ఇరవై అయిదూ కిక్కురుమనకుండా అయిపోయాయి.

డాక్టరు గభాల్న మోకాళ్ళ మీద కూర్చుని స్టెతస్కోపు ఆనించాడు. "కడుపునొప్పి అనుకున్నా. పేగులు బాగానే ఉన్నాయే!"

"అది కుడిపక్క చూసుకుంటోంది బాబూ," అన్నాడు దాణా తాత. తర్వాత నొప్పులమ్మ వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్విలా నిటారుగా నిలబడి ఎన్నాళ్ళయ్యింది?"

అందరూ ఆమెనే చూశారు.

"నాదేముంది, అరక్కపోవడం, అంతే," అంది నొప్పులమ్మ. "జరగండి. నాది నేను తీసేసుకుంటా."

డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరొద్దు పెద్దమ్మా. మీరు తీసుకుంటే మళ్ళీ ఓర్చుకుంటుందనే అంటారు."

ఇరవై రెండేళ్ళలో ఆమెతో ఎవరూ అనని మాట అది. ఆమె మొహం మాడిపోయింది.

కోడలు పార కింద పడేసింది. "నేను చూస్తా."

"నువ్వా!" అన్నాడు మొగుడు, వ్యాన్ దగ్గర్నుంచి పరుగున వచ్చి.

ఆమె చెయ్యి బట్టలకి తుడుచుకుని బూడిద నుదుటి మీద పెట్టింది. "ఇటివ్వు."

బూడిద మూలుగు ఆగిపోయింది. కోడలు అరవలేదు. అందరికీ భయం వేసింది అందుకే. గడ్డిపరకకే షెడ్డు ఎగరగొట్టే మనిషి చడీచప్పుడూ లేకుండా తడి గడ్డి మీద కూలబడింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. డాక్టరు అలవాటు కొద్దీ, "ఏమంటావమ్మా?" అని అడిగాడు.

"చాలు," అంది కోడలు. "డెక్కల్లోదీ చాలు. పక్కలోదీ చాలు."

డాక్టరు చెయ్యి పెట్టె దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ మాట విన్నాక ఎవరిని చూడాలో ఎవరికీ తెలియలేదు.

"బూడిదకి ఇప్పుడే వేసెయ్యండి డాక్టరుగారూ," అంది కోడలు. "దానిది నా దగ్గరున్నప్పుడే. సుఖంగా పోతుంది."

వేశాడు. దాణా తాత దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏ నొప్పీ లేని గుర్రం ఎలా పోతుందో షెడ్డులో అంతకుముందు ఎవరూ చూడలేదు. అది కన్ను మూసేసరికి కోడలి అరచేతుల్లో మంట చల్లారిపోయింది. పక్కలోది పోలేదు. కొంచెం కూడా తగ్గలేదు.

ఇక ఎవరికీ ఏ అనుమానమూ మిగల్లేదు.

"అత్తయ్యా," అంది కోడలు, పళ్ళు బిగబట్టి, "ఇది పెట్టుకుని మొన్న గడ్డిమోపులు దించారా మీరు? ఇది పెట్టుకునే నిన్న నా మీద అరిచారా?"

"అరిచింది దానివల్ల కాదు. నీ పనే అలా ఉంది," అంది నొప్పులమ్మ. అంటూనే వంగి కోడలి భుజం పట్టుకుంది. "పిచ్చిదానా, నీవల్ల కాదు. ఏదో ఒక గుర్రానికిచ్చెయ్. దాని దగ్గర నేను తీసుకుంటా."

ఎక్కడ "తీసుకో" అన్న మాట నోరు జారుతుందోనని కోడలు అరచేత్తో నోరు మూసుకుని, తల అడ్డంగా ఊపింది. అలాగే మూసుకుని వ్యాన్ ఎక్కింది. మనుషులు కూర్చునే బండి షెడ్డులో లేదు. అత్తాకోడళ్ళిద్దర్నీ గుర్రాల వ్యాన్‌లోనే, గడ్డి మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళారు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నొప్పులమ్మని బల్ల మీద పడుకోమన్నాడు. ఎక్కడ నొప్పి అంటే, "నాకేం లేదండీ," అంది, నిజంగానే.

"కుడిపక్క, పక్కటెముకల కింద," అంది స్టూలు మీద కూర్చున్న కోడలు. "వీపులోకి లాగుతుంది. వంగితే ఎక్కువ."

డాక్టరు అత్త పక్కలో వేళ్ళు పెట్టి నొక్కాడు. కోడలు కెవ్వుమంది. ఆయన తలెత్తకుండానే కాగితం మీద రాసుకున్నాడు. ఇంకొంచెం కిందికి నొక్కాడు. కోడలు స్టూలు మీంచి పడిపోయింది. ఆయన అదీ రాసుకున్నాడు.

ఫోటోలు తీశారు. కుడి మూత్రపిండం మీద పిడికిలంత గడ్డ. సోమవారం కోసి తీసెయ్యాలన్నాడు డాక్టరు. బతికే అవకాశం సగం సగం. "ఇంకో రెండు నెలలు పోతే ఆ సగం కూడా ఉండేది కాదు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?" అని కసురుకున్నాడు.

"మా అమ్మ ఓర్చుకుందండీ," అన్నాడు కొడుకు.

ఒకే గదిలో రెండు మంచాలు ఇచ్చారు. ఒకదాని మీద జబ్బు, ఇంకోదాని మీద నొప్పి. కోడలు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గోడకేసి తిరిగి పడుకుంది. మాత్రలిస్తే కాస్త కునుకు పట్టేది. నొప్పులమ్మకి పని లేదు, నొప్పి లేదు, ఆలోచించడం తప్ప ఇంకేం లేదు. కోడలి వీపు చూస్తూ రోజంతా పడుకుంది. గోడకేసి తిరిగిన ఆ వీపు చూస్తుంటే కెప్టెన్ గుర్తొచ్చాడు. తక్కెట్లో ముందే ఒకవైపు రాయి పెట్టుకుని ఏడాది పాటు తూచింది తను. పదకొండింటికీ ఓర్చుకుంటుందని చెప్పింది.

సాయంత్రం కొడుకు రాగానే, "బూడిద సంగతి తేలిపోయింది. మిగతా పదింటినీ మళ్ళీ చూడమను," అంది. "పశువుల డాక్టర్నే చెయ్యి పెట్టమను. దాణా తాతని వద్దను, జాలి ఎక్కువ."

మర్నాడు మధ్యాహ్నం కొడుకు వచ్చి మంచం చివర కూచున్నాడు. బూట్లకి కొత్త మట్టి అంటుకుని ఉంది.

"ఎన్ని?" అంది తల్లి.

"ఆరు."

"ఒంటికన్ను?"

"పొద్దునే అయిపోయింది."

"కెప్టెన్?"

కొడుకు కిటికీ వైపు చూశాడు. "వాడి మీద చెయ్యి పెట్టి తీశాక డాక్టరు బయటికెళ్ళి వాంతి చేసుకున్నాడమ్మా. వాడికి సూది వేసేటప్పుడు తల నేను పట్టుకున్నా."

"తవుడు తిన్నాడా పొద్దున?"

"లేదు."

"ఏడాదిరా," అంది నొప్పులమ్మ. "ఏడాది పాటు రోజూ పొద్దున వాడి తల నిమిరాను. నిమిరి, బాగానే ఉన్నావురా అన్నాను. నన్ను నమ్ముకుని ఉన్నాడు వాడు."

కొడుకు మంచినీళ్ళు తెస్తానని లేచి వెళ్ళిపోయాడు.

మొగుడు పోయిన రోజు కూడా ఏడవని మనిషి ఆమె. ఇప్పుడు కడుపులోంచి తన్నుకొచ్చింది ఏడుపు. ఆపుకోవడం ఆమెకి చేతకాలేదు, ఎప్పుడూ అవసరం పడలేదు మరి. ఒళ్ళంతా కుదిపేస్తూ, మంచం కిర్రుకిర్రుమనేలా ఏడ్చింది. నొప్పి మాత్రం ఎక్కడా లేదు. ఏడవడానికి ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉందో తెలిసేకొద్దీ ఇంకా ఏడుపొచ్చింది.

పక్క మంచం మీద కోడలు దుప్పటి పిడికిట్లో నలిపేసుకుంటూ మెల్లగా ఇటు తిరిగింది. మొహమంతా చెమట.

"ఏడవకండి అత్తయ్యా," అంది. "మీరు ఏడిస్తే పక్క కదులుతోంది. నాకు నొప్పేస్తోంది."

నొప్పులమ్మ రెండు చేతులతో కుడిపక్కని గట్టిగా అదిమి పట్టుకుంది. ఊపిరి కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ, కోడలి మొహమే చూస్తూ, ఒళ్ళు కదలకుండా ఏడ్చింది.